ఉపగ్రహం చూసిన అడవి – మనం అడగాల్సిన ప్రశ్నలు

(గిరిజన ప్రాంతాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



అడవి, స్త్రీలు అనగానే మన సభల్లో మాట చిప్కో దగ్గర మొదలవుతుంది. 1974లో రేణీ గ్రామంలో గౌరాదేవి, ఆమెతోటి ఆడవాళ్ళు చెట్లకు అడ్డంగా నిలబడిన సంగతి మీకందరికీ తెలుసు. ఇవాళ నేను అక్కణ్ణించి మొదలుపెట్టడం లేదు. ఒక సర్కారు రిపోర్టుతో మొదలుపెడతాను. అదీ నిండా అంకెలున్న రిపోర్టు. కొంచెం విసుగ్గానే ఉంటుంది. కానీ ఈ అంకెలూ, వాటి వెనకున్న బొమ్మలూ మన ఊళ్ళలో పోడు పట్టా ఎవరికి రావాలో ఎవరికి రాకూడదో తేల్చే దాకా వచ్చాయి. అంచేత కాస్త ఓపిక పట్టమంటున్నాను.

డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1981లో ఏర్పడింది. ఉపగ్రహాలు తీసిన బొమ్మల సాయంతో దేశంలో అడవి ఎంత ఉందో లెక్కగట్టి, 1987 నుంచి రెండేళ్ళకోసారి రిపోర్టు వేస్తోంది. 2021 రిపోర్టు ప్రకారం అడవి ఎక్కువగా పెరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, 647 చదరపు కిలోమీటర్లు. తెలంగాణది రెండోది, 632. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది. ఆ రోజుల్లోనే నేను పాత ఖమ్మం జిల్లాలో ఒక కోయగూడెంలో ఉన్నాను. మన దగ్గర అడవి పెరిగిందట అని మాటల్లో చెబితే, అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్ళు కుట్టే ఒకామె "ఎక్కడమ్మా?" అని అడిగింది. ఆమె మాటలో వెటకారం లేదు. ఏ దిక్కున పెరిగిందో చెబితే అటు వెళ్ళి ఆకు కోసుకుందామని నిజంగానే అడిగింది. ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చూస్తే ఆ రిపోర్టులో చాలా సంగతులు బయటపడతాయి.

ముందు ఉపగ్రహం ఏం చూస్తుందో చెప్పుకుందాం. అది నేల మీద పడి తిరిగి పైకి వచ్చే వెలుతుర్ని కొలుస్తుంది. పచ్చటి ఆకు ఎండలోని ఎరుపు కాంతిని తన ఆహారం తయారుచేసుకోవడానికి పీల్చుకుంటుంది. మన కంటికి ఆనని సమీప పరారుణ కాంతిని చాలావరకు వెనక్కి పంపేస్తుంది. ఈ రెండిటి మధ్య తేడాను బట్టి ఫలానా చోట పచ్చదనం ఇంత అని లెక్క కడతారు. బొమ్మ వేసేటప్పుడు ఆ కంటికానని కాంతికి ఎర్ర రంగు ఇస్తారు. అందుకే మామూలుగా దొరికే శాటిలైట్ బొమ్మల్లో అడవి ఎర్రగా కనపడుతుంది. ఆ గూడెంలో బొమ్మ పరిచినప్పుడు ఆడవాళ్ళు అడవి తగలబడిందేమో అనుకున్నారు. సంగతి చెప్పాక పావుగంటలో వాగు, చెరువు, దేవరచెట్టున్న గట్టు, కూపుకు వెళ్ళే బండిదారి వేలు పెట్టి చూపించారు. చదువు రాని వాళ్ళకి ఈ టెక్నాలజీ అర్థం కాదు అనే మాట ఇకముందు ఎవరన్నా అంటే ఒప్పుకోకండి.

ఇక అడవి అంటే ఏమిటి? ఫారెస్ట్ సర్వే నిర్వచనం చాలా పొట్టిది. ఒక హెక్టారుకు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలకు, తగ్గకుండా నేల ఉండాలి. ఆ నేలలో నూటికి పది వంతుల మీదనైనా చెట్ల గొడుగు పరుచుకుని ఉండాలి. అంతే. ఆ నేల ఎవరిది, చట్టంలో దాని హోదా ఏమిటి, ఆ చెట్లు ఏ రకం అన్నవి లెక్కలోకి రావు. ఈ సంగతి రిపోర్టులోనే దాపరికం లేకుండా రాసి ఉంటుంది, చదివేవాళ్ళే తక్కువ. దీని ప్రకారం జీడిమామిడి తోట అడవే. అరకులో నీడచెట్ల కింద పెంచే కాఫీ తోట అడవే. ఖమ్మం వాళ్ళు జామాయిల్ అని పిలిచే యూకలిప్టస్ తోట, నాలుగైదేళ్ళకోసారి నరికి కాగితం మిల్లుకి తోలేది, అదీ అడవే. మరి ఆ గూడెం ఆడవాళ్ళని అడవిలో ఏముంటాయని అడిగితే ఇప్పపువ్వు, తునికాకు, అడ్డాకు, ఉసిరి, కరక్కాయ, సారపప్పు, కుంకుడు, కొండచీపురు, వానల్లో దుంపలూ కూరాకులూ అని ఏకరువు పెడతారు. జామాయిల్ తోటలో వీటిలో ఒక్కటీ దొరకదు. "ఎక్కడమ్మా?" అన్న ప్రశ్నకి ఒక జవాబు ఇది. పెరిగిన ఆ 647, 632 చదరపు కిలోమీటర్లలో చెట్టు ఉండవచ్చు గానీ ఆమె కోసుకునే ఆకు ఉందో లేదో ఆ అంకె చెప్పదు.

అదే రిపోర్టులో ఇంకో పట్టిక చూడండి. 2019, 2021 రిపోర్టుల మధ్య దేశం మొత్తం మీద అడవి 1,540 చదరపు కిలోమీటర్లు పెరిగింది. దాన్ని విడదీస్తే చిక్కటి అడవి 501 పెరిగింది, ఓ మోస్తరు చిక్కదనం ఉన్నది 1,582 తగ్గింది, పల్చటి అడవి 2,621 పెరిగింది. గొడుగు పది నుంచి నలభై వంతుల మధ్య ఉంటే దాన్ని పల్చటి అడవి అంటారు. మొత్తం కూడి చూపిస్తే పెరుగుదల. విడదీసి చూస్తే మధ్యరకం అడవి పోయి పల్చటిది వచ్చింది. గృహహింస కేసుల లెక్కలు చూసిన మనకి ఇది కొత్త కాదు. కూడిక అంకె ఎప్పుడూ విడి అంకెల్ని కప్పేస్తుంది. మీ జిల్లా పట్టిక దొరికితే చివరి వరసతో ఆగకుండా మధ్య వరసలు చదవండి.

ఈ లెక్కల గురించి పోట్లాట ఇప్పటిది కాదు. దాని పుట్టిల్లు మన హైదరాబాదే. 1980ల మొదట్లో ఇక్కడి నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ అమెరికా వారి లాండ్‌శాట్ ఉపగ్రహం బొమ్మలు తీసుకుని రెండు కాలాలను పోల్చింది. 1972-75 మధ్య దేశ విస్తీర్ణంలో సుమారు 17 శాతం ఉన్న అడవి 1980-82 నాటికి 14 శాతానికి పడిపోయిందని తేల్చింది. అటవీ శాఖ రికార్డుల్లో అప్పటికి 23 శాతం దాకా ఉంది! పెద్ద గొడవే అయింది. తర్వాత రెండు సంస్థలూ కూర్చుని సరిచూసుకున్నాక 19.5 శాతం దగ్గర రాజీ కుదిరింది. ఒకే దేశం, దాదాపు ఒకే కాలం, మూడు అంకెలు. ఎవరో ఒకరు అబద్ధమాడారనుకోవాల్సిన పని లేదు. శాఖ రికార్డు చెప్పేది చట్టం ప్రకారం అడవి అని రాసుకున్న నేల గురించి. అక్కడ చెట్టు ఉన్నా లేకపోయినా అది అడవే. ఉపగ్రహం చెప్పేది పచ్చదనం గురించి. ఎంత పలచనిదాన్ని అడవి అనాలో గీత గీసేది మనుషులు. 1987 రిపోర్టులో 19.49 శాతం, 2023 రిపోర్టులో 21.76 శాతం అని చూసి అడవి పెరిగిందనడం కూడా ఇందుకే కుదరదు. 1987లో 400 హెక్టార్లకు తక్కువున్న అడవి ముక్క వారి పటంలోకే రాలేదు. తర్వాత ఆ హద్దు 25 హెక్టార్లయింది. 2001 నుంచి ఒక హెక్టారు. వల కన్ను చిన్నదైతే చిన్న చేపలూ పడతాయి. చెరువులో చేపలు పెరిగినట్టా?

వల కన్ను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఆడవాళ్ళ భూములు ఇక్కడే జారిపోతున్నాయి. ఉపగ్రహం బొమ్మ చిన్న చిన్న గళ్ళతో తయారవుతుంది. ఒక్కో గడికి ఒక్కటే రంగు. తొలి లాండ్‌శాట్ గడి 80 మీటర్లు, అంటే ఒకటిన్నర ఎకరం పైచిలుకు నేలకి ఒక్క చుక్క. మన దేశపు ఉపగ్రహాల్లో ఫారెస్ట్ సర్వే ఏళ్ళ తరబడి వాడిన లిస్-3 కెమెరా గడి 23.5 మీటర్లు. అది సుమారు పదమూడున్నర సెంట్లు, తెలంగాణ లెక్కలో ఐదున్నర గుంటలు. ఎకరం చెక్క అంటే ఏడు చుక్కలు. అంచుల్లో సగం అడవి సగం పొలం ఉన్న చుక్కలు ఎటు పడతాయో చెప్పలేం. మిగిలేవి రెండో మూడో. పదెకరాల ఆసామి పోడు బొమ్మలో స్పష్టంగా ఉంటుంది. ఒంటరి ఆడమనిషి దున్నుకునే ఎకరం చెక్క మసకగా ఉంటుంది, లేదా ఉండదు. ఇప్పుడు పది మీటర్ల గడితో ఐరోపా వారి సెంటినెల్ బొమ్మలు ఉచితంగా దొరుకుతున్నాయి. అవి 2015 నుంచి మాత్రమే. చట్టం అడిగేది 2005 నాటి సంగతి.

నెల కూడా చూడాలి. మన అడవులు ఎక్కువభాగం ఆకురాల్చేవి. టేకు, మద్ది, ఇప్ప మాఘ ఫాల్గుణాల్లో మోడుగా నిలబడతాయి. అప్పుడు తీసిన బొమ్మని వానలు వెనకపడ్డాక తీసిన దాని పక్కన పెడితే, ఒక్క చెట్టు కొట్టకుండానే అడవి మాయమైనట్టు ఉంటుంది. అందుకే ఫారెస్ట్ సర్వే ఎక్కువగా అక్టోబరు-డిసెంబరు బొమ్మలు వాడుతుంది, అది సరైన పద్ధతే. కానీ ఆ నెలల్లోనే పోడులో కంది ఏపుగా పచ్చగా ఉంటుంది. ఎవరైనా మీ ముందు రెండు బొమ్మలు పెట్టి చూడండి తేడా అంటే, మొదట తేదీలు అడగండి.

ఇక కారణాలు. ఉపగ్రహం చెప్పేది ఇక్కడ మార్పు జరిగింది అన్నంతవరకే. ఎందుకు జరిగిందో దానికి తెలియదు. ఆ ఖాళీలో మనుషులు తమకి తోచింది రాస్తారు. తరచుగా రాసేవి రెండు: పోడు, కట్టెల కోసం కొట్టడం. రెండోదాంట్లో అయితే నిందితురాలు తల మీద మోపుతో మొదటి బొమ్మలోనే దొరుకుతుంది. పోడు వల్ల అడవి తగ్గలేదని నేను అనను. తగ్గిన చోట్లున్నాయి, పేరుకి గిరిజనుడిదై పెట్టుబడి మైదానపు ఆసామిదైన పోడూ ఉంది. కానీ పోలవరం ప్రాజెక్టుకి 3,700 హెక్టార్లకు పైగా అటవీ భూమి ఇచ్చారు. కాళేశ్వరానికి 3,100 హెక్టార్లకు పైగా ఇచ్చారు. ఇవి అనుమతి పత్రాలతో జరిగినవి కాబట్టి మళ్ళింపు అంటారు. అనుమతి లేకుండా ఎకరం కొట్టుకుంటే ఆక్రమణ అంటారు. పైనుంచి చూస్తే రెండు చోట్లా పచ్చదనమే పోయింది. తిట్టు మాత్రం ఒకరికే. జామాయిల్ తోట కోతకి వచ్చినప్పుడూ బొమ్మలో అడవి నష్టంగానే కనపడుతుంది, మళ్ళీ చిగురిస్తే లాభంగా. కింద ఎవరూ వెళ్ళి చూడకపోతే ఆ నష్టమూ పక్క గూడెం ఖాతాలో పడుతుంది.

కారణాన్ని తలకిందులుగా చదవడం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఆఫ్రికా నుంచి ఒక ఉదాహరణ. పశ్చిమాఫ్రికాలోని గినీ దేశంలో కిస్సిడుగు అనే ప్రాంతం ఉంది. అక్కడ గడ్డిమైదానాల మధ్య ప్రతి ఊరి చుట్టూ కొంత అడవి ఉంటుంది. ఫ్రెంచి పాలకులు, వారి తర్వాత వచ్చిన అధికారులు ఇదంతా ఒకప్పుడు మహారణ్యమని, ఊళ్ళవాళ్ళు కొట్టేయగా మిగిలిన ముక్కలివని నిశ్చయించుకున్నారు. ఆ నిశ్చయం మీదే జరిమానాలు, నిషేధాలు నడిచాయి. జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ అనే ఇద్దరు పరిశోధకులు 1952 నాటి విమాన ఛాయాచిత్రాలను 1989 నాటి ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, ఊళ్ళో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగారు. చాలాచోట్ల అడవి పెరిగిందని తేలింది. ఆ అడవిని పెంచింది ఊరే. జనం కాపురమున్న చోట పెంటా బూడిదా పడి నేల బాగుపడి, నిప్పు రాకుండా కాపాడుకుని, చెట్లు నాటుకుని పెంచారు. 1996లో ఆ పుస్తకం వచ్చింది. బొమ్మ మాత్రమే ఉంటే ఆ సంగతి సగమే తెలిసేది. పెద్దవాళ్ళ మాట మాత్రమే ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు.

ఇక్కడొక మాట. ఆడవాళ్ళు పుట్టుకతోనే ప్రకృతికి దగ్గర అనే వాదం మన పత్రికల్లోనూ కనపడుతుంది. నేను దాన్ని ఒప్పుకోను. కట్టె, నీళ్ళు, ఆకు తెచ్చే పని వాళ్ళ నెత్తిన పడింది కాబట్టి ఏ వాలులో ఏముందో వాళ్ళకి తెలుసు. ఆ పని మగవాళ్ళకి పడితే వాళ్ళకీ తెలుస్తుంది. బీనా అగర్వాల్ గుజరాత్‌లోనూ నేపాల్‌లోనూ సామూహిక అటవీ సంఘాలను పరిశీలించి 2010లో రాసిన పుస్తకంలో, కార్యవర్గాల్లో ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న చోట అడవి పరిస్థితి మెరుగుపడిందని చూపించారు. వాళ్ళ తెలివి నిర్ణయంలోకి రావడం వల్ల జరిగింది అది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకి ఆ భూమి మీద హక్కు ఉంది. భార్యాభర్తలకి పట్టా ఇద్దరి పేరా ఇవ్వాలి. ఒంటరి స్త్రీ ఇంటిపెద్ద అయితే ఆమె పేరనే ఇవ్వాలి. నేను చెప్పిన గూడెంలో ఒక వితంతువుకి ఎకరంన్నర పోడు ఉంది. ఏటవాలు నేల. జొన్న, కంది, సామ కలిపి చల్లుతుంది. చెక్కలో పెద్ద ఇప్పచెట్లు ఐదారున్నాయి, మద్ది కూడా ఉంది. వేసవిలో ఇప్పపువ్వు అమ్మితేనే ఆమెకి చేతిలో నాలుగు డబ్బులుంటాయి. సర్వేకి వచ్చిన ఒక అధికారి ఫోనులో బొమ్మ చూసి, 2005లో ఇక్కడ అడవి ఉంది, సాగు లేదు, నీకు రాదు అన్నాడు. ఆమె కాసేపు నిలబడి, "ఈ ఇప్పచెట్లు కొట్టేసుంటే వచ్చేదా సారూ?" అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. నిజానికి వచ్చేది. అడుగంటా నరికి నేల చదును చేసినవాడి పోడు బొమ్మలో తెల్లగా పొలంలా ఉంటుంది. చెట్టు ఉంచుకుని దాని నీడలో పంట వేసిన మనిషిది పల్చటి అడవి కింద పోతుంది. పది వంతుల గొడుగు దాటింది కదా! అడవిని కాపాడే పేరుతో వాడే సాధనం, చెట్టుని కాపాడినామె పట్టాకే అడ్డం పడింది.

చట్టం ఈ పని చెయ్యమనలేదు. నియమాల్లో సాక్ష్యాల జాబితా పెద్దది. ఊరి పెద్దల వాంగ్మూలం, రాతికట్లు, గట్లు, గుడిసె, సమాధులు, పాత జరిమానా రసీదులు అన్నీ సాక్ష్యాలే. ఉపగ్రహ చిత్రం అందులో ఒకటి. 2012లో సవరించిన నియమాలు ఇంకా తేటగా చెప్పాయి: ఉపగ్రహ చిత్రాలు తదితర సాంకేతిక సాధనాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చు, వాటి స్థానంలో రాకూడదు అని. 2013లో గుజరాత్ హైకోర్టు కూడా ఉపగ్రహ చిత్రాలనే ఆధారం చేసుకుని దరఖాస్తులు తోసిపుచ్చడాన్ని తప్పుబట్టింది. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా దరఖాస్తుదారుకి అందాలి. అందాక అరవై రోజుల్లో పై కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. మన దగ్గర చాలామందికి ఆ కాగితమే అందలేదు. అందకుండానే 2019 ఫిబ్రవరి 13న, తిరస్కరణకు గురైనవాళ్ళని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పింది. అదే నెల 28న ఆ ఉత్తర్వును నిలిపింది. ఆ పదిహేను రోజులూ గూడేల్లో నిద్ర లేదు.

అయితే ఈ బొమ్మలని పారెయ్యమని చెప్పడానికి నేను రాలేదు. 2008 నుంచి లాండ్‌శాట్ పాత బొమ్మలన్నీ ఉచితం. మన ఇస్రో భువన్ కూడా ఉంది. 2025 మార్చి చివర్లో హైదరాబాదులో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు, అది రికార్డుల్లో అడవి కాదని ప్రభుత్వం అంటుంటే, విద్యార్థులూ నగరవాసులూ పైనుంచి తీసిన బొమ్మలు చూపించి అడిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపించింది. అక్కడ బొమ్మ జనం పక్షాన పలికింది. ఏజెన్సీలో ఎందుకు పలకకూడదు? మైనింగ్ దారి ఎప్పుడు పడిందో, ప్లాంటేషన్ కోసం సహజమైన అడవి ఏ ఏడు తీశారో, గ్రామసభ తీర్మానానికి ముందా తర్వాతా అన్నది తేదీతో సహా చూపించగలిగేది ఇదే.

దీనికి ఒక అడ్డంకి ఉంది. జీపీఎస్ ఉన్న ఫోను ఇంట్లో మగవాడి జేబులో ఉంటుంది. సర్వేకి వెంట వెళ్ళేది కుర్రాళ్ళు. అటవీ హక్కుల కమిటీలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి, గ్రామసభ కోరంలోనూ మూడోవంతు. సంతకాలు సరిపోతున్నాయి, హద్దులు నడిచేటప్పుడు మాత్రం వాళ్ళు ఇంటి దగ్గరుంటున్నారు. ఫలితంగా ఇప్పచెట్లు, తునికి పొదలు, దుంపలు తవ్వే వాలు హద్దులకి అవతల పడుతున్నాయి. సామూహిక హక్కుల దరఖాస్తుల్లో ఇది కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది.

భోజనాల తర్వాత మూడు మండలాల బొమ్మలు నేల మీద పరుస్తాం. 2005 డిసెంబరువి, ఈమధ్యవి. పక్కన రంగు పెన్సిళ్ళు ఉంటాయి. మీ మీ ఊళ్ళు వెతికి, ఎక్కడ మీరు ఏం తెచ్చుకుంటారో మొదట గుర్తు పెట్టండి. ఆ తర్వాత సర్వే వాళ్ళు గీసిన హద్దు దాని మీద పెట్టి చూద్దాం. ఆ వితంతువు అర్జీకి ఇంకా పదకొండు రోజులే గడువుంది. ఆమె చెక్క ఉన్న బొమ్మ కూడా తెచ్చాను.